నూట యాభై కిలోల సమానత్వం

గుండె ఆసుపత్రిలో లావుపాటి రోగుల పట్ల ఎలాంటి వివక్షా లేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. అక్కడి పరీక్ష బల్ల నూట యాభై కిలోల దాకా అందరినీ సమానంగా మోస్తుంది.

మా బావ దర్జీ. బాగా లావు. మిషను తొక్కుతుంటే ఛాతీ పట్టేస్తోందంటే అక్క ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి తూకం యంత్రం కూడా నూట యాభై దగ్గరే ఆగుతుంది. కనుక కాగితంలో నూట యాభై అనే రాశారు. ఆ లెక్కన బావ బల్లకు సరిపోయాడు. కానీ బల్ల చూసుకునే ఉద్యోగి కాగితాన్ని చూశాడు, బావను చూశాడు, బల్లను కన్నబిడ్డలా నిమిరాడు. ఒప్పుకోలేదు. అంత బాధ్యత గలవాళ్లు ఈ రోజుల్లో అరుదు.

పెద్ద డాక్టరుగారు బావను ముట్టుకోకుండానే జబ్బు కనిపెట్టి, తగ్గి రమ్మన్నారు.

తగ్గడానికి బావ వ్యాయామశాలకు వెళ్లాడు. గుండె బాగుందని డాక్టరు రాసిస్తేనే చేర్చుకుంటామన్నారు. పరీక్ష చేయకుండా రాసివ్వడం ధర్మం కాదని డాక్టరుగారు అన్నారు. ఇద్దరూ నియమం తప్పని మనుషులు. మధ్యలో బావకు నడక మాత్రం బాగా కుదిరింది.

మూడు నెలల తర్వాత మళ్లీ తూచారు. నూట యాభై.

"ఒక్క గ్రామూ తగ్గలేదు. నోరు కట్టుకోవాలయ్యా," అన్నారు డాక్టరుగారు.

"కట్టుకునే ఉన్నాను సార్. చొక్కాలన్నీ నాలుగేసి వేళ్లు లోపలికి కుట్టుకున్నాను. మీ యంత్రానికే నా మీద నమ్మకం లేదు."

"బయట బెంచీ మీద ఈయన పక్కన ఇప్పుడు నాకూ చోటు దొరుకుతోంది. వచ్చి చూడండి," అంది అక్క.

ఆసుపత్రి చొక్కాలనూ బెంచీలనూ కొలతలుగా గుర్తించదని డాక్టరుగారు ఓపికగా వివరించారు.

అయినా యాజమాన్యం స్పందించింది. కమిటీ వేసి, పెద్ద బల్ల తెప్పించింది. అది గది తలుపులో పట్టలేదు. అందుకని వరండాలోనే ప్రారంభించారు. "మా హృదయం ఎప్పుడూ విశాలమే, నేటి నుంచి మా బల్ల కూడా," అని అధ్యక్షులు ప్రసంగించారు. చప్పట్లు బాగా పడ్డాయి. బావకూ ఆహ్వానం వచ్చింది. అంతకు తొమ్మిది రోజుల ముందే బావ మిషను మీద తల వాల్చి వెళ్లిపోయాడు. సూది కింద సగం కుట్టిన గౌను ఉంది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా మంచివాళ్లు. అక్క చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, ఏం తినేవారని అడిగి వెళ్లారు. చదువుతున్న మీకూ ఒక్కసారైనా ఆ మాట మనసులోకి వచ్చే ఉంటుంది. సిగ్గుపడకండి. ఛాతీ పట్టేస్తోందని బావ చెప్పిన మొదటి రోజు నేను అడిగిందీ అదే.