మంత్రిగారు వేసిన పిండికట్టు

దివిసీమ ప్రజల మోకాళ్ళను ఇకమీదట ప్రభుత్వమే చూసుకుంటుందని మైకులో ప్రకటించారు. ప్రకటించింది యలమంద. పార్టీలో అతనికి పదవి లేదు గానీ పార్టీ జీపులో ముందుసీటు అతనిదే. ఉప్పెన వచ్చి పోయిన రెండో వేసవి అది. అప్పటికి మాకు బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, ఆకాశం నుంచి రొట్టెలు పడ్డాయి. మమ్మల్ని చూడ్డానికి వచ్చిన పెద్దల్ని చూడ్డానికి మేము కూడా నీళ్ళలో పడి వెళ్ళాం. మోకాళ్ళ సంగతి అడిగినవాళ్ళు మాత్రం అదే మొదలు.

"కీళ్ళ సంరక్షణ, క్రీడా గాయాల మహా శిబిరం. ఆదివారం అవనిగడ్డలో. గౌరవనీయ మంత్రివర్యులు మల్లికార్జునరావు గారి అమృతహస్తాల మీదుగా. ఎముకల డాక్టరు జగన్మోహనరావు గారు కూడా వస్తారు" అని జీపు మా వీధంతా తిరిగింది.

మా పక్కింటి ఇమామ్ సాహెబ్ కుట్టుమిషను ఆపి మరీ విన్నాడు. పెళ్ళైన దగ్గర్నుంచి మిషను తొక్కి తొక్కి అతని మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. లేచి నిలబడితే ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడు. అయినా అతను విన్నది కొడుకు కోసం. హిదాయతుల్లా కబడ్డీ ఆటగాడు. కూతకు వెళ్ళాడంటే ఎవర్నో ఒకర్ని అంటకుండా గీత దాటి వచ్చేవాడు కాదు. చల్లపల్లి పోటీల్లో వాడి కుడి మోకాలు మెలిపడింది. వచ్చే నెల బందరులో ఒక పెద్ద ఆఫీసువాళ్ళు కబడ్డీ జట్టుకి కుర్రాళ్ళను ఎంచుతున్నారు. జట్టులోకి తీసుకుంటే ఉద్యోగం. మోకాలు నిలిస్తే వాడికి ఆ ఉద్యోగం, లేకపోతే తండ్రి మిషను.

"డాక్టరుగారు ఒక్కసారి చేత్తో పట్టుకుని చూస్తే చాలండి, అక్కయ్యగారూ. లోపల ఏం తెగిందో తెలుస్తుంది" అన్నాడు ఇమామ్ సాహెబ్ నాతో.

"మరి నీ మోకాళ్ళు?"

"నాది కూర్చుని చేసే పనే కదండీ."

"లేచేటప్పుడు కూడా ఆ మాటే అనండి" అంది అతని భార్య నూర్ బీ, లోపల చేపలు తోముతూ.

ఆదివారం పొద్దున్నే వెళ్ళేసరికి షామియానా ముందు తాసీల్దారు గారు బల్ల వేసుకుని ఉన్నారు. ఉప్పెన తరవాత ఆయనకు పంచడం బాగా అలవాటైంది. కార్డు, క్యూ, టోకెను, వేలిముద్ర. ఆయన చేతికిస్తే వానని కూడా కార్డు మీదే కురిపిస్తారు.

"కార్డుకి ఒక మోకాలు" అన్నారు.

"ఒక మనిషా అండీ, ఒక మోకాలా?" అని అడిగాను.

"మోకాలమ్మా. ఒకే మనిషికి రెండిచ్చేస్తే వెనకవాళ్ళకి అందొద్దూ?"

ఆ న్యాయం అందరికీ నచ్చింది. క్యూలో అత్తాకోడళ్ళు ఎవరి మోకాలు ముందో అక్కడే తేల్చుకున్నారు. నేను నా ఎడమదాన్ని రాయించుకున్నాను. కుడిది ఇంకో ఏడాది ఓపిక పట్టగలదు.

ఇమామ్ సాహెబ్ వంతు వచ్చింది. "మా కార్డు మీద అబ్బాయి మోకాలు రాయండి బాబూ."

"కార్డు నీ పేరు మీద ఉంది. నీ మోకాలికే హక్కు."

"నా హక్కు వాడికి ఇచ్చేస్తున్నానండి."

"సరే. దెబ్బ ఉప్పెనలో తగిలిందా?"

"లేదండీ, చల్లపల్లి కబడ్డీలో."

తాసీల్దారు గారు కళ్ళజోడు తీశారు. "చూడు సాయిబూ. డబ్బులేమో ఉప్పెన నిధి నుంచి. శిబిరమేమో క్రీడా గాయాలకి. రెండూ కలిసి రావాలి." పాపం, ఆయనది జాలిగుండె. కాసేపు ఆలోచించి, "ఉప్పెన నాడు మీవాడు ఏం చేస్తున్నాడు?" అన్నారు.

"తాటిచెట్టు పట్టుకుని వేలాడాడండి, తెల్లారేదాకా."

"దానికి ముందు?"

ఇమామ్ సాహెబ్ గుర్తు తెచ్చుకునేలోగా తాసీల్దారు గారే రాసేశారు: ఉప్పెన వచ్చు సమయమున కబడ్డీ ఆడుచుండగా. పక్కనున్న గుమాస్తా తొంగి చూసి, "నీళ్ళు మీదకొస్తే కూత ఆపాడా అండీ?" అని అడిగాడు. "అది మన శాఖ కాదయ్యా" అన్నారు తాసీల్దారు గారు. ఆ విధంగా ఉప్పెనా ఆటా రెండూ ఉన్న మోకాలు తాలూకా మొత్తానికి అదొక్కటే అయి, మొదటి టోకెను హిదాయతుకే వచ్చింది.

డాక్టరు గారు అప్పటికే వచ్చి ఉన్నారు. చిన్నవాడు, మంచివాడు. తువ్వాలులో చుట్టి మోకాలి ఎముక బొమ్మ కూడా తెచ్చుకున్నాడు. వచ్చీరాగానే చొక్కా చేతులు మడిచి, "రండి, మొదలుపెడదాం" అన్నాడు. యలమంద అడ్డం పడ్డాడు. "ప్రారంభం కాని శిబిరంలో వైద్యం ఏంటండీ. మంత్రిగారు రావాలి."

సరే, వచ్చేలోగా నాలుగు మంచి మాటలు చెబుతానని డాక్టరు మైకు అందుకున్నాడు. కాళ్ళు మడిచి నేలమీద ఎక్కువసేపు కూర్చోకూడదని, కీళ్ళకి అంతకంటే చెరుపు లేదని వివరంగా చెప్పాడు. మేమంతా కాళ్ళు మడిచి నేలమీద కూర్చుని, ఎండ నడినెత్తికి వచ్చేదాకా శ్రద్ధగా విన్నాం. మంత్రిగారు వచ్చారని లేచి దండం పెట్టబోతే సగంమందిమి లేవలేకపోయాం. మంత్రిగారు కళ్ళారా చూసి, "ఎన్ని కేసులయ్యా" అని డాక్టరు భుజం తట్టారు.

మల్లికార్జునరావు గారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. గుడివాడ నుంచి నాగాయలంక దాకా ఆయన వేసిన పునాదిరాయి ఒక్కటి కూడా ఇంతవరకు కుంగలేదు. పైన బరువు పడితే కదా కుంగడానికి. అంత చెయ్యి తిరిగిన మనిషి రిబ్బను కత్తెర చూసి నవ్వారు.

"రిబ్బన్లు కత్తిరించే రోజులు పోయాయి. నేను పనిచేసే మంత్రిని. మొదటి కట్టు నేనే వేస్తాను."

"ఇంకా చూడలేదండి. అసలు కట్టు అవసరమో లేదో..." అని డాక్టరు నసిగాడు.

"చూడ్డానికేముంది డాక్టరుగారూ, తరవాత తీరిగ్గా చూడొచ్చు. ముందు పని జరగాలి."

హిదాయతుని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఫోటోగ్రాఫరు ఒంగి చూసి పెదవి విరిచాడు. "కుడి కాలు నీడలో ఉందండీ. ఎడమదైతే వెలుతురు బాగా పడుతుంది."

"నొప్పి కుడిదానికండీ" అన్నాడు హిదాయతు.

"రెండూ నీవే కదరా" అన్నాడు యలమంద.

మంత్రిగారు పంచె ఎగ్గట్టి ఎడమ కాలి దగ్గర పీట వేసుకున్నారు. తడి పిండిగుడ్డ చుట్టి, తొడ నుంచి చీలమండ దాకా సాపు చేస్తూ, అలవాటు కొద్దీ "తాపీ ఏదయ్యా" అన్నారు. ఆరాక ఎవరో రంగుపెన్ను అందించారు. శిలాఫలకం మీద ఉన్నట్టే పేరు, హోదా, తారీకు, కింద పెద్ద సంతకం పెట్టారు. చప్పట్లతో షామియానా ఊగింది. వెంటనే కూచిపూడిలో ఇంకో సభ ఉందని ఆయన బయల్దేరారు. ఆయనతో అధికారులు, అధికారులతో మైకు, మైకుతో యలమంద వెళ్ళిపోయారు. తాసీల్దారు గారు టోకెన్లు సర్దుకుని, శిబిరం దిగ్విజయంగా ముగిసిందన్నారు. డాక్టరుని ఆ సభలో కూడా మాట్లాడాలని కారులోకి ఎక్కించారు. అతను ఒక కాలు కారులో, ఒక కాలు నేలమీద ఉండగానే, "ఆ కట్టు పీకేసి బందరు రండి, కుడి మోకాలు నేను చూస్తాను" అని అరిచాడు.

"మంత్రిగారు ప్రారంభించినదాన్ని పీకడానికి మనమెవరం? పైనుంచి ఆర్డరు రావాలి" అన్నారు తాసీల్దారు గారు.

ఆర్డరు రాలేదు గానీ, ఎంపిక రోజు వచ్చింది. మంచి కాలు బిగిసిపోయి, చెడ్డకాలి మీద కుంటుకుంటూ హిదాయతు బస్సెక్కాడు. చిలకలపూడిలో మా చెల్లెల్ని చూసినట్టుంటుందని నేను కూడా వెళ్ళాను. ఇంకో నెల గడువు ఇమ్మని ఆఫీసరు కాళ్ళావేళ్ళా పడదామని ఇమామ్ సాహెబ్ దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు.

బందరు మైదానంలో ఆఫీసరు గారు ఒక కుర్రాణ్ణి మందలిస్తున్నారు. అవతలి జట్టునంతా అంటుకుని వచ్చిన కుర్రాడు.

"ఆట బాగానే ఉందబ్బాయ్. నీ గురించి పెద్దవాళ్ళెవరూ ఏమీ రాసివ్వలేదా?"

ఇంతలో ఆయన కళ్ళు హిదాయతు కాలి మీద పడ్డాయి. దగ్గరకు వచ్చి, ఒంగి, సంతకం పొడుగునా చదివి, నిటారుగా నిలబడి చొక్కా సర్దుకున్నారు.

"మంత్రిగారు మీకు దగ్గరా?"

"కాలి దగ్గరే కూర్చున్నారండీ" అన్నాడు ఇమామ్ సాహెబ్. అతనికి అబద్ధం చెప్పడం రాదు.

హిదాయతుకి కుర్చీ వచ్చింది. సోడా వచ్చింది. నువ్వు ఆడనక్కర్లేదన్నారు. జట్టులో పేరు మొదట రాసి, "ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చేదాకా ఆ కట్టు మాత్రం తీయించకండి, పైవాళ్ళు చూడాలి" అని ఆఫీసరు గారు చెవిలో చెప్పారు.

ఈ సంగతి విని డాక్టరు జగన్మోహనరావు తనంతట తనే కత్తెర పట్టుకుని మా వీధికి వచ్చాడు. అంత మంచివాడు. ఒంటి బరువంతా మోసి మోసి హిదాయతు కుడి మోకాలు అప్పటికి కొబ్బరిబోండంలా ఉబ్బింది. డాక్టరు కట్టు మీద చెయ్యి వెయ్యబోతే నూర్ బీ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఆర్డరు రానివ్వండి బాబూ."

"అమ్మా, ఈలోగా కుడి మోకాలు ఎందుకూ పనికిరాకుండా పోతుంది."

"కుడిదానికి ఉద్యోగం రాలేదు కదండీ" అంది ఆ తల్లి. హిదాయతు తల వంచుకుని, చేత్తో ఆ కుడి మోకాలే రుద్దుకుంటున్నాడు. డాక్టరు కత్తెర జేబులో పెట్టుకున్నాడు.

పై నెలలో గుడివాడలో రెండో శిబిరం పెట్టారు. అవనిగడ్డలో చూడకుండా మిగిలిపోయిన నా ఎడమ మోకాలిని తీసుకుని నేను కూడా వెళ్ళాను. ఎవరూ మైకులో పిలవకుండానే క్యూ రోడ్డు దాకా ఉంది. అంతా కుర్రాళ్ళే. గంతులేస్తూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, ప్యాంట్లు తొడల దాకా మడిచి నిలబడ్డారు. క్యూ చూసి డాక్టరు మొహం వెలిగింది. కీళ్ళ గురించి ప్రజల్లో ఇంత చైతన్యం వచ్చిందనుకోలేదని నాతో అన్నాడు. మొదటివాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, "చెప్పు బాబూ, నొప్పి ఎక్కడ?" అని అడిగాడు.

వాడు వినయంగా రెండు కాళ్ళూ చాపాడు.

"మీరు ఎక్కడంటే అక్కడేనండి."