రాజుగారి ఎదుట ఆగిపోయే ఇంజను

భీమవరం పొలిమేరలో, జగన్నాథరాజుగారి రొయ్యల చెరువుల మధ్యనున్న అతిథి గృహానికి, మనిషి ఎక్కి కూర్చుని నడిపే గడ్డికోత యంత్రం ఒకటి విదేశం నుంచి విచ్చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంతవరకూ అక్కడి అరెకరం పచ్చికను నలుగురు ఆడకూలీలు కొడవళ్లతో ఒక్క పూటలో కోసి వెళ్లిపోయేవారు. పని మరీ తేలిగ్గా అయిపోతోందని రాజుగారికి వెలితిగా ఉండేది.

యంత్రానికి డ్రైవరుగా చంద్రరావు నియమితుడయ్యాడు. ఇరవై ఏళ్లుగా చెరువు గట్ల మీద తిరిగి తిరిగి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. సంగతి తెలిసిన గంటలోగా అతని భార్య వెంకటదుర్గ వీధి వీధంతా చెప్పి వచ్చింది. "మా ఆయనకి కూకుని చేసే ఉజ్జోగం వచ్చిందండి!" ఆ వీధిలో కూర్చుని చేసే ఉద్యోగం అంతకు ముందు ఎవరికీ లేదు. ఆమె ఆనందం చూసి మాకూ ఆనందమేసింది.

మొదటి రోజు కొబ్బరికాయ కొట్టారు, యంత్రం బ్రహ్మాండంగా నడిచింది. ఆ వైభవం చూద్దామని రాజుగారు వరండాలోకి వచ్చారు. చంద్రరావు పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, సీటు మీంచి లేచి నిలబడ్డాడు. అదే క్షణంలో ఇంజను ఆగిపోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తోచలేదు. మొదటిది మర్యాదకు సంబంధించిన విషయం, రెండోది మెకానిక్కుకు సంబంధించిన విషయం.

రాజుగారి బావమరిది పల్లంరాజుగారు మాత్రం మురిసిపోయారు. "చూశారా బావగారూ, ఎవరి ముందు ఆగాలో మిషనుకి కూడా తెలిసిపోయిందండి!" రాజుగారు ఆ మాట కొట్టిపారేయలేదు. నాలుగు రోజుల్లో ఇంజను పదకొండు సార్లు ఆగింది. పది సార్లు రాజుగారు వచ్చినప్పుడు, ఒకసారి పల్లంరాజుగారు వచ్చినప్పుడు.

ఇక మరమ్మతు అధ్యాయం. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే తాతాజీ రంగంలోకి దిగాడు. షెడ్డులో చంద్రరావును ఎక్కించి స్టార్టు చేయిస్తే ఇంజను చక్కగా నడిచింది. "ఎంతవరకూ వచ్చిందిరా?" అంటూ రాజుగారు షెడ్డులోకి రాగానే ఆగిపోయింది. ప్లగ్గు మార్చారు. కొత్త ప్లగ్గు ఎలా ఉందో చూడ్డానికి రాజుగారు వచ్చారు. ఆగిపోయింది. కార్బ్యురేటర్ విప్పి కడిగారు, ఎయిర్ ఫిల్టర్ దులిపారు, బ్యాటరీ మార్చారు. భీమవరం పెట్రోలు మీద అనుమానమొచ్చి, రాజమండ్రి నుంచి క్యానులో తెప్పించారు. చివరికి ముందు చక్రాలకు నిమ్మకాయలు కట్టారు. ప్లగ్గులు ఎంత పనిచేశాయో నిమ్మకాయలూ అంతే పనిచేశాయని నిష్పక్షపాతంగా చెప్పాలి.

ఈలోగా వానలు పడి గడ్డి మోకాలెత్తు లేచింది. ఆదివారం ఆ పచ్చిక మీదే రాజుగారి అమ్మాయి సుప్రజ నిశ్చితార్థం. కూలీలను పిలిస్తే యంత్రం పరువు పోతుంది. శుక్రవారం రాజుగారు తీర్పు చెప్పారు.

"ఒరేయ్ చంద్రరావూ, నీ చెయ్యి మంచిది కాదేమోరా. రేపు సాయంత్రానికి బండి నడవకపోతే నువ్వు మళ్లీ చెరువు గట్టు మీదకే."

"ఆయ్, చిత్తమండి," అన్నాడు చంద్రరావు, మరింత నిటారుగా నిలబడి. ఆ రాత్రి వెంకటదుర్గ అన్నం ముట్టలేదు.

శనివారం రాజమండ్రి సర్వీసు సెంటరు నుంచి ఇంజనీరు సాయిసుధ వచ్చింది. స్క్రూడ్రైవరు కూడా తీయకుండా, రాజుగారిని రెండుసార్లు లోపలికి వెళ్లి బయటికి రమ్మని కోరింది. ఆయన వచ్చారు, చంద్రరావు లేచాడు, ఇంజను ఆగింది. రెండుసార్లూ అంతే.

"ఇంజన్‌లో ఏ లోపమూ లేదండి," అంది. "సీటు కింద స్విచ్ ఉంటుంది. నడిపే మనిషి లేస్తే, పడిపోయాడేమోనని ఇంజన్ ఆపేస్తుందండి. మీరొచ్చినప్పుడు ఆయన లేవకుండా ఉంటే చాలండి."

అప్పుడు రాజుగారు గొంతు సవరించుకున్నారు. "నాకు అలాంటి పట్టింపులు ఏనాడూ లేవండి. ఇక్కడ మేమందరం ఒక కుటుంబం. కూర్చోరా చంద్రరావూ!"

చంద్రరావు కూర్చున్నాడు. అంటే నడుము వంచాడు, మోకాళ్లు మడిచాడు, సీటుకు బెత్తెడు పైన ఆగాడు. విదేశీ యంత్రానికి ఈ ఆసనం తెలియదు. కదల్లేదు.

"పూర్తిగా కూర్చోండి బాబాయ్," అంది సాయిసుధ.

కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఇంజను హాయిగా మోగింది. కానీ చుట్టూ ఉన్నవాళ్లంతా నిలబడి ఉన్నారు. "వాడు కూర్చుని, మనం నిలబడి... చూసేవాళ్లకి ఎలా ఉంటుందండి?" అన్నారు పల్లంరాజుగారు. కుర్చీలు వచ్చాయి. అందరూ కూర్చున్నారు. అయినా యంత్రం సీటు జానెడు ఎత్తుగానే ఉంది. కుర్చీలను బల్లల మీదికెక్కించి చూశారు, ఒక బల్ల విరిగింది. రాజుగారికి పట్టింపు లేదు గానీ, తలెత్తి చూసి చూసి మెడ పట్టేసింది.

పరిష్కారం పల్లంరాజుగారికే తట్టింది. గోదాములోంచి రెండు రొయ్యల మేత బస్తాలు తెప్పించి సీటుకు కట్టించారు. వేగం మీటను తాడుతో బిగించారు. చంద్రరావు స్టీరింగు పట్టుకుని పక్కన నడవాలి. ఇది ప్రమాదమని సాయిసుధ రెండుసార్లు చెప్పింది. అందరూ శ్రద్ధగా విని, ఆమెకు భోజనం పెట్టి, కాజాల పొట్లం చేతికిచ్చి కారెక్కించారు. ఆమె నివేదికలో "సలహా ఇవ్వబడినది" అని రాసుకుంది.

చీకటి పడేలోగా అరెకరం కోత పూర్తయింది. ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. చంద్రరావు ఉద్యోగం నిలబడింది, అతనితో పాటే.

ఆదివారం నిశ్చితార్థానికి మీరూ వచ్చారు, నేనూ వచ్చాను. భోజనాలకు ముందు ఆ యంత్రాన్ని అతిథుల మధ్య ఒక చుట్టు తిప్పించారు. సీటు మీద బస్తాలు, పక్కన కుంటుతూ చంద్రరావు. మైలేజీ ఎంతని అడిగాం, ఏ దేశానిదని అడిగాం, ఫొటోలు దిగాం. బస్తాలు ఎందుకు కూర్చున్నాయని మాత్రం ఒక్కరమూ అడగలేదు. చంద్రరావు కూర్చుని ఉంటే అందరం అడిగేవాళ్లం.