మిగులు మెదడు

నాగరికత అంటే మరేమీ కాదు, ఎవరి బుర్రలో ఎంత సరుకుందో ప్రభుత్వానికి కచ్చితంగా తెలిసి ఉండటమే. ఈ సంగతి ఆలస్యంగానైనా గ్రహించిన ఏలినవారు, అరవై అయిదు దాటి ఇంకా లైసెన్సుతో పనిచేస్తున్న వారందరూ మెదడు కొలిపించుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు. (ఉత్తర్వు ఇచ్చినవారికి మినహాయింపు ఉంది. వారు లైసెన్సుతో పనిచేయడం లేదు. ఆ మాటకొస్తే పనే చేయడం లేదు.)

అలా స్టీరింగ్ అత్తయ్యకు పిలుపు వచ్చింది. ఊళ్ళో కారు నడిపేవాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గర మొట్టికాయలు తిని నేర్చుకున్నవాళ్ళే. డ్రైవింగ్ స్కూలు ఆవిడది, నేర్పేవారికీ నేర్చుకునేవారికీ చెరో బ్రేకున్న కారు ఆవిడది, వీధి చివరిదాకా వినిపించే గొంతూ ఆవిడదే. నేర్పే లైసెన్సు పోతే ఇక కిటికీలోంచి జనం తప్పుగా గేర్లు మార్చడం చూస్తూ బతకాలి. ఆ ఊహకే ఆవిడకు గుండె జారిపోయింది. భర్తను తోడు తీసుకుని మెదడు కొలతల కార్యాలయానికి బయలుదేరింది.

అక్కడ మగవాళ్ళకొక గది, ఆడవాళ్ళకొక గది. మగవాళ్ళ గదిలో యంత్రం ఉంది. ఆడవాళ్ళ గదిలో కుర్చీలు ఉన్నాయి.

"మా యంత్రం ఏదిరా?" అని కొలతల అధికారిని అడిగింది. అతను ఆవిడ పాత శిష్యుడే.

"మీకెందుకత్తయ్యా ఆ శ్రమ? ఆడవాళ్ళ మెదడు మగవాళ్ళకన్నా సగటున పదోవంతు తక్కువ. మామయ్యగారిది కొలిచి పదోవంతు తీసేస్తే మీది వచ్చేస్తుంది."

"నా తల నా మెడమీదే ఉంది కదరా!"

"ఉందనుకోండి. కానీ సగటు ఆడమనిషి ఇదివరకే వచ్చి వెళ్ళింది. ఆవిడ వివరాలు మా దగ్గరున్నాయి."

(పెళ్ళికానివారికి అన్నదమ్ముల మెదడు ప్రమాణం. వారూ లేకపోతే పక్కింటాయనది. పక్కింటాయన అభ్యంతరం చెప్పవచ్చు.)

భర్త రిటైరైన లెక్కల మాస్టారు. సగటు ఎత్తు చూసి ఏ ఒక్కడికీ చొక్కా కుట్టకూడదని ఉద్యోగం చేసినన్నాళ్ళూ బల్లగుద్ది చెప్పినవాడు. అత్తయ్య ఆశగా ఆయనవైపు చూసింది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యానువైపు చూశాడు. ఆ లెక్క తప్పు అని ఆయనకు తెలుసు. జవాబు మాత్రం నచ్చింది.

మాస్టారిని కొలిచారు. బంగారానికి వేసినట్టే మెదడుకూ వయసు తరుగు వేస్తారు, మగవాళ్ళకు కాస్త ఎక్కువ వేస్తారు. (స్త్రీలకు జరిగిన మేలు ఇదేనని కరపత్రంలో ఉంది.) తరుగు పోగా ఆయన బొటాబొటిగా అర్హత గీతమీద నిలిచాడు. అందులో పదోవంతు తీసేసరికి అత్తయ్య గీత కిందికి జారిపోయింది.

"ఆయన కునికిపాట్లు పడుతూ బుర్ర కరిగించుకుంటే నా లైసెన్సు పోవడమేంటిరా?"

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది గానీ, శిష్యుల ముందు ఏడ్చే అలవాటు లేదు. చరచరా మగవాళ్ళ గదిలోకి వెళ్ళి యంత్రంలో పడుకుంది. "కొలవరా. కొలిచేదాకా లేవను" అంది. వెనక వరుసలో పెద్దమనుషులకు భోజనాలవేళ దాటిపోతోంది కాబట్టి అధికారి కొలిచాడు.

మాస్టారికన్నా ఎక్కువే వచ్చింది. వయసుకు కూడా ఆవిడ జోలికి వెళ్ళే ధైర్యం చాలినట్టు లేదు.

అధికారి చెమట తుడుచుకుని నియమావళి తిరగేశాడు. ఇలాంటి ప్రమాదాన్ని ఏలినవారు ముందే ఊహించారు. ఇల్లాలి తలలో లెక్కకు మించి ఏమైనా కనబడినచో, అది భర్త మెదడుగా భావించి ఆయన ఖాతాకు జమచేయవలెను.

"ఆయనది నా తలలోకి ఎలా వచ్చిందిరా?"

"కాపురమన్నాక వస్తువులు అటూఇటూ అవుతుంటాయి కదత్తయ్యా."

మిగులు జమపడగానే మాస్టారి మెదడు ఆ కార్యాలయం చూసినవాటిలోకెల్లా అతి పెద్దదని అధికారి ప్రకటించాడు.

"అయితే ఇప్పుడు ఆయనదాంట్లో పదోవంతు తీసి నా లెక్క మళ్ళీ కట్టు" అంది అత్తయ్య.

"లెక్క ఏడాదికి ఒక్కసారే కడతామండీ."

డ్రైవింగ్ నేర్పే లైసెన్సు, అర్హతను బట్టి, మాస్టారికి బదిలీ అయింది. ఆయన జన్మలో స్టీరింగ్ ముట్టుకున్న పాపాన పోలేదు. వద్దందామని నోరు తెరిచాడు. 'అతి పెద్దది' అన్న మాట ఇంకా చెవుల్లో మోగుతోంది. నోరు మూసుకుని సంతకం పెట్టాడు. ఇకమీదట అత్తయ్య కారు నడపవచ్చు, కొత్తగా నేర్చుకునేవారి హోదాలో, లైసెన్సుదారు పక్కన కూర్చుంటేనే.

ఆవిడ కారు తీసింది. సందు మలుపులో ఎదురుగా వస్తున్న లారీకి దారి ఇచ్చి, గోడకు గీటు పడకుండా బయటపడింది. పక్కసీట్లో మాస్టారు కాసేపు ఇబ్బందిగా కదిలి, గొంతు సవరించుకుని, "కాస్త చూసి నడపవే" అన్నాడు.

ప్రభుత్వ దస్త్రాల ప్రకారం, ఆవిడకు అది మొదటి పాఠం.