ఐదు నక్షత్రాల కారు

పొద్దున ఆరు గంటలకే స్టోర్‌కీపరు తన కారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఎనిమిదింటికి మేనేజరు గారిని ఇంటి దగ్గర ఎక్కించుకోవాలి. ఊరికి ఆ చివరనున్న హెడ్డాఫీసులో తొమ్మిదిన్నరకల్లా దింపాలి. దారిలో కారు ఆగకూడదు. మొదటి రెండూ మనిషి చేతిలో పనులు. మూడోది కారు దయ. అందుకే నిలబడ్డాడు.

కారు వయసు పంతొమ్మిదేళ్లు. పంపులు తయారుచేసే కంపెనీలో స్టోర్సు చూసే అతనికి అరలో ఏ నట్టు ఏ డబ్బాలో ఉందో కళ్లు మూసుకుని చెప్పడం అలవాటు. ఆ శ్రద్ధంతా ఇంటికొచ్చాక కారు మీద చూపించేవాడు. క్యాంటీన్‌లో టీ గ్లాసు చేతికి రాగానే మొదలెట్టేవాడు: "పంతొమ్మిదేళ్లండీ! ఒక్కనాడు నన్ను నడిరోడ్డు మీద వదిలేసిన పాపాన పోలేదు!" అందులో అబద్ధమేమీ లేదు. అది ఎప్పుడు ఆగినా రోడ్డు పక్కనే ఆగింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. పాత కార్ల వాళ్లు తమ అనుభవాలు రాసుకునే వెబ్‌సైటు ఒకటుంటే, అందులోనూ ఇదే మాట రాసి ఐదుకు ఐదు నక్షత్రాలూ ఇచ్చేశాడు. మేనేజరు గారు అది చదివి, ముచ్చటపడి, వెతికి వెతికి అదే మోడలు, అదే ఏడాది కారు కొన్నారు. మూడు వారాల్లో అది నాలుగుసార్లు ఆగిపోయింది. ఐదోసారి ఆగిందని అనలేం, ఎందుకంటే అసలు కదల్లేదు.

నిన్న సాయంత్రం మేనేజరు గారు స్టోర్సు గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అన్నారు. "రేపు ఎండీ గారితో మీటింగు. స్టోర్సు ఎత్తేసి పని బయటివాళ్లకి ఇచ్చేద్దామా, ఉంచుదామా అన్నది రేపే తేలుతుంది. నా అభిప్రాయం అడుగుతారు. మీ కారులోనే వెళ్దాం మాస్టారూ. మీ మాట ఎంతవరకు నమ్మొచ్చో దారిలో చూస్తాను."

ఆ మాటకి స్టోర్‌కీపరు గుండె జారి కడుపులోకి వచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

"ఏవండీ," అంటూ భార్య కాఫీ తెచ్చింది. "ఆయనకి ముందే అన్నీ చెప్పెయ్యండి. ఎడమ అద్దం దించకూడదు, దించితే పైకి రాదు. ఆ తలుపు లోపల్నించి తెరుచుకోదు. బెల్టు ఒకసారి పట్టిందంటే వదలదు. మొన్న నన్ను అరగంట కూర్చోబెట్టలేదూ?"

"ఇవన్నీ చెప్తే ఇంకేం నమ్ముతాడే?"

"చెప్పకపోతే మాత్రం నమ్ముతాడా?"

ఆవిడ ఇంట్లోకి వెళ్లిపోయింది. అతను డాష్‌బోర్డు మీద ఎర్రగా వెలుగుతున్న లైటు మీద నల్ల టేపు ఇంకో ముక్క అంటించి, రేడియేటరులో పోయడానికి రెండు క్యాన్ల నీళ్లు, పనిముట్ల పెట్టె, ఒక పాత టైరు వెనక సీట్లో సర్దుకుని బయల్దేరాడు.

ఆశ్చర్యం! కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. మేనేజరు గారు ఫైలు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. బెల్టు క్లిక్కుమంది. ఆ చప్పుడుకి స్టోర్‌కీపరు ఒకసారి ఉలిక్కిపడ్డాడు కానీ బయటపడలేదు. మొదటి సిగ్నల్ దగ్గర ఆగారు.

"పరవాలేదే! ఇంజను చప్పుడే లేదు," అన్నారు మేనేజరు గారు మెచ్చుకోలుగా.

చప్పుడు లేకపోవడానికి కారణం ఇంజను ఆగిపోవడం. అతను దగ్గు నటిస్తూ, ఆ దగ్గు చాటున తాళం తిప్పాడు. అదృష్టం బాగుండి ఇంజను అందుకుంది. "మీకు జలుబు చేసినట్టుంది," అన్నారు మేనేజరు గారు. "అవునండీ, పొద్దున్నించీ," అన్నాడతను. తర్వాతి మూడు సిగ్నళ్లలోనూ జలుబు బాగా ముదిరింది.

వంతెన ఎక్కేసరికి అసలు కష్టం మొదలైంది. వేడి చూపే ముల్లు లేచి ఎరుపు గీతకేసి నడవసాగింది. దీనికి స్పానర్ బాబాయ్ ఏనాడో మందు చెప్పాడు. స్పానర్ బాబాయ్ అంటే ఆ కారుని పుట్టినప్పట్నించీ చూస్తున్న మెకానిక్కు. "ఇంజను వేడెక్కితే హీటరు పూర్తిగా పెట్టెయ్యండి. ఆ వేడి లోపలికి లాక్కుంటే ఇంజను చల్లబడుతుంది." మందు గొప్పదే. కానీ బయట ఎండ మాడుస్తోంది, పక్కన మేనేజరు గారు కోటు వేసుకుని ఉన్నారు. అతను ఒకసారి ముల్లుకేసి, ఒకసారి కోటుకేసి చూసి, కళ్లు మూసుకుని మీట తిప్పాడు.

పొయ్యి మూత తీసినట్టు గాలి తన్నుకొచ్చింది.

"ఇదేమిటయ్యా!" మేనేజరు గారు అదిరిపడ్డారు. "ఏసీ వెయ్యండి!"

"వేశానండి. ముందు వేడంతా బయటికి పోతుంది, ఆ తర్వాత..."

"బయటికేం పోతోంది? నా మొహం మీదికి పోతోంది!"

ఐదు నిమిషాల్లో మేనేజరు గారి మొహం కందగడ్డలా ఎర్రబడింది. చొక్కా కాలరు తడిసింది. చెమట ఫైలు మీద బొట్లు బొట్లుగా పడుతోంది. ఇక ఆగలేక ఆయన అద్దం దించే మీట నొక్కారు. "సార్, వద్దు!" అని స్టోర్‌కీపరు అరిచేలోగానే అద్దం దభీమని తలుపు కడుపులో పడిపోయింది. ఇద్దరూ అది మాయమైన చోటుకేసి చూస్తూ కొయ్యబారిపోయారు.

"ఎక్కడికి పోయింది?"

"లోపలే ఉంటుందండి. ఎక్కడికీ పోదు."

ఆ కంగారులో ఒక సంగతి మరిచిపోయాడతను. స్టీరింగు ఎడమవైపు మరీ ఎక్కువ తిప్పితే హారను దానంతటదే మోగుతుంది. మూడేళ్లుగా అతను ఎడమ మలుపులన్నీ మానేసి, కుడివైపు నాలుగు వీధులు చుట్టి వెళ్తున్నాడు. ఇప్పుడు ఎదురుగా లారీ వచ్చేసరికి స్టీరింగుని పూర్తిగా ఎడమకి తిప్పేశాడు.

హారను మోగింది. స్టీరింగు వెనక్కి తిప్పాడు. మోగింది. కారు పక్కకి తీసి ఆపాడు, ఇంజను కట్టేశాడు, తాళం బయటికి లాగేశాడు. అయినా మోగుతూనే ఉంది. తలెత్తి చూసేసరికి అతని పై ప్రాణాలు పైనే పోయాయి. ఆగింది ఒక పెద్దాసుపత్రి గేటు ముందు. కిటికీ పక్కనే బోర్డు: "రోగులకు విశ్రాంతి అవసరం. శబ్దం చేయరాదు."

బానెట్టు తెరుద్దామని లాగితే తీగ తెగి చేతికొచ్చింది. స్పానర్ బాబాయ్‌కి ఫోను చేశాడు. "బాబాయ్! హారను ఆగట్లేదు!"

"ఎవరండీ? ఏమీ వినబడట్లేదు! ముందు ఆ పక్కనెవడో హారను కొడుతున్నాడు, వాణ్ణి ఆపమనండి!" అని బాబాయ్ ఫోను పెట్టేశాడు.

ట్రాఫిక్ కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు తిడదామని నోరు తెరిచి, ముందు సీట్లో మనిషిని చూసి ఠక్కున ఆగిపోయాడు. ఎర్రటి మొహం, వరదలా చెమట, గుండె మీద చెయ్యి. ఆ చెయ్యి నిజానికి బెల్టు లాక్కుంటోంది. నోరు తెరిచి ఏదో అంటున్నారు, హారనులో ఒక్క ముక్కా వినబడట్లేదు.

కానిస్టేబులుకి ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. "అయ్యో పాపం! అందుకా హారను కొడుతున్నారు?" అంటూ ఆసుపత్రి వైపు తిరిగి రెండు చేతులూ ఊపాడు. "స్ట్రెచరు! స్ట్రెచరు తెండి! గుండెపోటు!"

"కాదండీ, బెల్టండీ!" అని స్టోర్‌కీపరు అతని చెవిలో గట్టిగా అరిచాడు.

"తెలుస్తోంది, తెలుస్తోంది. మీరు ధైర్యంగా ఉండండి," అని కానిస్టేబులు అతని భుజం తట్టాడు.

ఇద్దరు వార్డుబాయ్‌లు, ఒక నర్సమ్మ స్ట్రెచరు తోసుకుంటూ వచ్చారు. ఒకడు తలుపు లాగితే పిడి ఊడి చేతిలోకొచ్చింది. వాడు దాన్ని నివ్వెరపోయి చూసి, మర్యాదగా కారు టాపు మీద పెట్టాడు. రెండోవాడు ఆలోచించలేదు. అద్దం లేని కిటికీలోంచి మేనేజరు గారి చంకల కింద చేతులు వేసి లాగాడు. ఆయన భుజాల దాకా బయటికొచ్చారు. నడుము దగ్గర బెల్టు పట్టేసింది. వీళ్లు బయటికి, బెల్టు లోపలికి. మేనేజరు గారు కిటికీలో అడ్డంగా వేలాడుతూ "నాకేం కాలేదురా నాయనా! వదలండ్రా!" అని కేకలు పెడుతున్నారు. నర్సమ్మ ఆయన నోట్లో థర్మామీటరు పెట్టింది. దాంతో ఆ కేకలు ఆగిపోయాయి.

ఇరవై రెండేళ్ల ఉద్యోగం తన కారు కిటికీలోంచి కారిపోతుంటే స్టోర్‌కీపరు చూస్తూ నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే సీటు మీద మేనేజరు గారి ఫోను వెలిగింది. మీటింగుకి ఇంకా రాలేదేమని ఎండీ గారు. కానిస్టేబులు చెయ్యి పెట్టి తీసుకుని, ఒక చెవి మూసుకుని అరిచాడు. "మీ మనిషా అమ్మా? చాలా సీరియస్సు! పెద్దాసుపత్రి గేటు దగ్గర! కారులోంచి తియ్యలేకపోతున్నాం!"

పావుగంటలో ఎండీ గారి కారు వచ్చి ఆగింది. అరవై దాటిన మనిషి, జుట్టంతా ముడిచి పెద్ద పిన్ను గుచ్చుకున్నారు. కాళ్లీడ్చుకుంటూ వెళ్లి ఆవిడ ముందు తలవంచుకున్నాడు స్టోర్‌కీపరు. ఆవిడ అతన్ని చూడలేదు. కిటికీలో వేలాడుతున్న మేనేజర్నీ చూడలేదు. కారునే చూస్తున్నారు.

"ఇది ఇంకా తిరుగుతోందా?" అన్నారు నమ్మలేనట్టు.

తర్వాత జరిగింది చూసి జనమంతా నోళ్లు తెరిచారు. ఆవిడ డ్రైవరు వైపు తలుపు తీసి లోపలికి వంగారు. జుట్టులోంచి పిన్ను లాగి స్టీరింగు కింద ఎక్కడో గుచ్చి, చిన్న ఫ్యూజొకటి బయటికి పెరికారు. హారను ఆగిపోయింది. వీధిలో అందరి చెవులూ ఒక్కసారిగా గింగురుమన్నాయి. ఆ నిశ్శబ్దంలో ఆవిడ బెల్టు పట్టే చోట పిడికిలితో రెండు గుద్దులు గుద్దారు. బెల్టు వదిలింది. మేనేజరు గారు సర్రున జారి సూటిగా స్ట్రెచరు మీద పడ్డారు.

"నా మొదటి కారు ఇదే మోడలు," అన్నారావిడ చెయ్యి దులుపుకుంటూ. "ఆరేళ్లు కుస్తీ పట్టి ఇక నావల్ల కాదని ఇచ్చేశాను. మీరెన్నాళ్లుగా?"

"పం... పంతొమ్మిదేళ్లండి."

"పంతొమ్మిదా!" ఆవిడ ఒకడుగు వెనక్కి వేశారు. "సామాన్లెక్కడ దొరుకుతున్నాయయ్యా?"

"దొరకవండి. వేరే బళ్లవి తెచ్చి అరగదీసి సరిపెడతాను. ఏది దేనికి సరిపోతుందో నాకు నోటికొచ్చు."

మేనేజరు గారు స్ట్రెచరు మీంచి థర్మామీటరు ఉమ్మేసి లేచి కూర్చున్నారు. "మేడమ్, ఈ మనిషి మాట ఒక్కటీ నమ్మకండి! ఇది దగాకోరు కారు! స్టోర్సు తక్షణం ఎత్తె..."

"మీరు మాట్లాడకండి, బీపీ చాలా ఎక్కువుంది," అంటూ నర్సమ్మ ఆయన్ని పడుకోబెట్టింది. ఆయన చెయ్యెత్తి ఇంకేదో చెప్పబోతూనే ఉన్నారు. స్ట్రెచరు గేటు దాటి లోపలికి వెళ్లిపోయింది.

ఎండీ గారు చెమటకి తడిసిన ఫైలు తీసుకుని, స్టోర్‌కీపరు వదిలిన డ్రైవరు సీట్లోనే కూర్చుని అక్కడికక్కడే తిరగేశారు. రెండు ప్రశ్నలడిగారు. ఏ పంపుకి ఏ వాషరు సరిపోతుంది, కొత్తది దొరక్కపోతే దేంతో సరిపెట్టొచ్చు అని. అతను కళ్లు మూసుకుని జవాబు చెప్పాడు. ఆవిడ పెన్ను తీసి ఫైలు మీద ఒక ముక్క రాసి మూసేశారు.

"స్టోర్సు ఉంటుంది. రేపట్నించి కంపెనీ బళ్లన్నీ కూడా మీరే చూసుకోండి. పంతొమ్మిదేళ్లు దీన్ని బతికించినవాడికి అవి లెక్కేమిటి?"

స్టోర్‌కీపరు నిలబడ్డవాడు నిలబడ్డట్టే బానెట్టు మీద కూలబడిపోయాడు. సంతోషమో, వడదెబ్బో అతనికే తెలియలేదు. సాయంత్రం ఇంట్లో చెప్తే భార్య కూడా నమ్మలేదు. మూడుసార్లు చెప్పించుకుని, ఆఖరికి ఆఫీసుకి ఫోను చేసి కనుక్కుంది.

మర్నాడు పొద్దున బటను నొక్కితే స్టార్టయ్యే సరికొత్త కంపెనీ కారొకటి అతనికి అప్పగించారు. తాళం పెట్టే కన్నం ఎక్కడుందో అతను మధ్యాహ్నం భోజనాల వేళ దాకా వెతికాడు.