టవలు వేసిన సోఫా

ఆ శనివారం పొద్దున జీనత్ టీచరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు బడి వేడుకలో పిల్లలచేత చెక్కబస్సు ఆట ఆడించాలి, తల్లిదండ్రులచేత చప్పట్లు కొట్టించాలి, ఉద్యోగం నిలబెట్టుకోవాలి.

నందిగామలోని ఆ ప్రైవేటు బడికి ఆమె రోజూ జగ్గయ్యపేటలో బస్సెక్కుతుంది. ఎక్కేసరికే సీట్లన్నీ కర్చీఫులతో, టవళ్ళతో నిండి ఉంటాయి. వాటి తాలూకు మనుషులు ఇంకా కింద టీ తాగుతుంటారు. ఆ ఒళ్ళుమంటతోనే వడ్రంగిచేత ఒక బస్సు, అందులోకి కర్ర పట్టుకున్న ముసలమ్మ, నిండు చూలాలు, కాలికి కట్టున్న పెద్దాయన బొమ్మలు చేయించింది. ఆటకి ఒకటే సూత్రం. గుడ్డ వేసినంత మాత్రాన సీటు నీది కాదు, నిలబడలేని వాళ్ళది. యూకేజీ పిల్లలకు అది నెలలోనే ఒంటబట్టింది. కండక్టరు వేషం కట్టే సూసన్‌కి ఇంకాస్త ఎక్కువే పట్టింది.

"నీతులు డైరీలో రాయిస్తే చాలదా? ఇవాళ తేడా వచ్చిందంటే సోమవారం నించి మీరూ, మీ బస్సూ ఇంటి దగ్గరే ఉండండమ్మా," అన్నారు కరెస్పాండెంటు వెంకటరత్నం. అని, ముందు వరసలో ఉన్న మూడు సోఫాల్లో నడిమి దానిమీద తెల్లటి టవలు పరిపించారు. అది ముఖ్య అతిథి కృష్ణయ్యగారికి. బడికి రేకుల షెడ్డు వేయిస్తానన్న పెద్దమనిషి.

సూసన్ టవలు చూసింది. విజిలు ఊదింది.

"గుడ్డ వేశారు!"

వెనక ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండిపోవడంతో, మనవణ్ణి చూడ్డానికొచ్చిన నాగూర్‌బీ మోకాళ్ళు పట్టుకుని గోడవార నిలబడి ఉంది. పిల్లలు టవలు మడిచిపెట్టి ఆమెను తెచ్చి సోఫాలో కూర్చోబెట్టారు.

వెంకటరత్నం టవలు తీసి పక్క సోఫా మీద వేశారు. రెండు నిమిషాల్లో పిల్లలు ఏడో నెల కడుపుతో ఉన్న రాజ్యశ్రీ అనే తల్లిని తెచ్చి అందులో కూర్చోబెట్టారు. ఇక లాభం లేదని మూడోదాని మీద టవలు పరిచి, ఆయనే ఎక్కి కూర్చున్నారు.

"సార్, కాలు విరిగిందా?" అంది సూసన్.

"లేదు."

సూసన్ ఆయన పొట్ట వంక చూసింది. "కడుపుతో ఉన్నారా?"

జనం గొల్లుమన్నారు. వెంకటరత్నం లేచారు.

"జీనత్ గారూ! పిల్లలచేత సారీ చెప్పించి సోఫాలు ఖాళీ చేయించండి. లేదా ఇప్పుడే వెళ్ళిపోండి!"

ఇంట్లో ఉన్నది జీనత్ జీతమొక్కటే. అయినా రోజూ బస్సులో పుట్టే మంట ఇవాళ నోటిదాకా వచ్చింది.

"చెప్పించనండి. నేను నేర్పా, వాళ్ళు నేర్చుకున్నారు. ఇప్పుడది తప్పంటే నేనేం టీచర్నండి? వెళ్ళమంటే వెళ్తా. మామ్మగారిని మాత్రం లేపను."

ఆ చివరి మాటలు చెవినబడుతుండగానే కృష్ణయ్య కారు దిగారు. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. వెంకటరత్నం ఖాళీ సోఫా చూపించేలోగా సూసన్ అడ్డం నిలబడింది.

"మీ వయసెంతండి?"

"యాభై," అన్నారాయన, నలుగురిలో చెప్పే అలవాటు చొప్పున.

"అయితే నిలబడగలరు. పైన రాడ్డు పట్టుకోండి."

కృష్ణయ్య నవ్వేసి నిలబడ్డారు. వెంకటరత్నం కంగారుగా స్వాగతోపన్యాసం ఎత్తుకున్నారు. కంగారులో ఆయనకు ఆపడం రాదు. పదో నిమిషానికి కృష్ణయ్య బరువంతా ఎడమ కాలి మీదకి మార్చారు. ఇరవయ్యో నిమిషానికి వంగి సూసన్ చెవిలో ఏదో గొణిగారు.

"వినపడలా! గట్టిగా చెప్పండి!"

"డెబ్భై ఒకటమ్మా!"

సూసన్ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఖాళీ సోఫాలో కూర్చోబెట్టింది. కృష్ణయ్య మోకాళ్ళు నిమురుకుంటూ, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది. రత్నం, ఈ పిల్లకి ఇది నేర్పిన టీచరమ్మ ఉంటేనే నీకు షెడ్డు," అన్నారు.

సోమవారం జీనత్ ఎప్పట్లాగే బస్సులో నిలబడి బడికొచ్చింది. కరెస్పాండెంటు గదిలో, ఆయన కుర్చీ మీద ఏళ్ళ తరబడి ఉన్న టవలు మాత్రం కనపడలేదు. సూసన్ రాకముందే ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.