కాదనని వియ్యంకుడు

ఆ ఆదివారం పొద్దున్న సౌభాగ్యమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. గుడివాడ పాసింజరులో వియ్యాలవారు బందరులో దిగుతారు. ఇడ్లీలు తిని, కాఫీలు తాగి, అందరూ కలిసి గుడికి వెళ్తారు. అక్కడ పాస్టరుగారు దయామణి పెళ్లి ప్రకటన మూడోసారి, ఆఖరుసారి చదువుతారు. ఎవరూ లేచి నిలబడరు. ఇంటికొచ్చి కోడికూరా గారెలూ తింటారు. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనవచ్చు. సౌభాగ్యమ్మని అడిగితే చెప్పేది. పాసింజరు కౌతారం దగ్గర ఆగిపోవచ్చు. ఇడ్లీపిండి పులిసిపోవచ్చు. గుడి మెట్ల మీద ఎవరో ఒకరు జారిపడవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరైనా లేచి నిలబడవచ్చు.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పాస్టరుగారు ఫలానావారి అబ్బాయికీ ఫలానావారి అమ్మాయికీ వివాహం జరగబోతోందని చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పండి అని అడుగుతారు. ఎవరైనా లేచారంటే సంఘం కమిటీ విచారణ తేలేదాకా పెళ్లి ఆగినట్టే. సౌభాగ్యమ్మ పుట్టిల్లు దివిసీమ. ఆమె చిన్నతనంలో అక్కడ ఒక పిల్ల పెళ్లి ఇలాగే మూడో ఆదివారం ఆగిపోయింది. కాలు తిమ్మిరెక్కి లేచానురా నాయనా అని లేచినవాడు ఎంత మొత్తుకున్నా కమిటీ వినలేదు. విచారణ పూర్తయ్యేలోపు పెళ్లికొడుకు ఇంకో ఊళ్లో ఇంకో పిల్లని చేసుకున్నాడు.

దయామణి పెళ్లికి ఆ ప్రమాదం ఎటునించి వస్తుందో సౌభాగ్యమ్మకి బాగా తెలుసు. ఆమె భర్త సుందరరాజు హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు. కాబోయే వియ్యంకుడు కృపానందం గుడివాడ తాలూకా ఆఫీసులో హెడ్ గుమస్తా. చదువుకునే రోజుల్లో ఇద్దరూ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు, ఒకే గ్రామరు పుస్తకాన్ని పంచుకున్నారు. అప్పటినించీ ఆ పుస్తకంలో ఏముందన్న విషయంలో ఇద్దరికీ ఒక్క రోజూ పడలేదు. సౌభాగ్యమ్మ చదువు ఐదో క్లాసు దాకా, అదీ తెలుగులో. అందుకని వాళ్లేమంటున్నారో ఆమెకి తెలియదు. వాళ్ల ముఖాలు మాత్రం కనిపిస్తాయి.

మొదటి ప్రకటన నాడు శుభలేఖ అచ్చు నమూనా వచ్చింది. ఇంగ్లీషు కార్డు. కార్డు సన్నం, మాటలు పొడుగు. బందరుని ఇంగ్లీషులో మసూలిపటం అని వేస్తే ఒక్క వరసలో పట్టలేదు. మాటని సగంలో విరిచి, చిన్న గీత పెట్టి, మిగతాది కింది వరసలో వెయ్యాలి. ఎక్కడ విరవాలి? మసూలి దగ్గర అన్నాడు సుందరరాజు. మసూలిప దగ్గర అన్నాడు కృపానందం. ఉప్పెన వచ్చి బందరు మునిగినా సరే ఆ మాటని అక్కడ విరవనివ్వనని మేష్టారు కుర్చీ చేతి మీద గుద్దాడు. హెడ్ గుమస్తా కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. కాఫీ తెచ్చిన సౌభాగ్యమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయింది. పక్కింటి పున్నమ్మ గోడ మీంచి తల పెట్టి, పెళ్లివారితో ఏమన్నా మాట తేడా వచ్చిందా అని అడిగింది.

ఇంతలో మిత్రులిద్దరూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. పెళ్లికూతురి పేరు కూడా వరసలో పట్టలేదు కాబట్టి దాన్ని దయా అని ఒక ముక్క, మణి అని ఒక ముక్క చెయ్యవచ్చునన్నారు. వాళ్ల పోట్లాట కన్నా ఈ రాజీ సౌభాగ్యమ్మని ఎక్కువ భయపెట్టింది. పెళ్లి కాకముందే పిల్ల పేరు విరగ్గొట్టే మనుషులు, పెళ్లిని మాత్రం ఉండనిస్తారా?

రెండో ఆదివారం కార్డులో స్నేహితులు, శ్రేయోభిలాషులు అన్నచోట వెల్ విషర్స్ అనే మాట మధ్య గీత ఉండాలా అక్కర్లేదా అని మళ్లీ మొదలైంది. ఆ పూట కృపానందం చెప్పకుండా స్టేషనుకి వెళ్లిపోయాడు. నిజానికి అతను రైలుకి టైమైపోయి పరిగెత్తాడు. కానీ ఆ సంగతి సౌభాగ్యమ్మకి చెప్పినవాళ్లు లేరు.

అందుకే ఈ మూడో ఆదివారం కోడి కూయగానే ఆమె భర్తని లేపి, బైబిలు మీద చెయ్యి వేయించింది. ప్రకటన అయి ఇంటికి వచ్చేదాకా ఎవరేమన్నా కాదనకూడదు. ముఖ్యంగా కృపానందం అన్నయ్యగారిని.

"తప్పు మాట్లాడితే?" అన్నాడు సుందరరాజు.

"తప్పే మాట్లాడనివ్వండి. మీరన్నదే రైటు బావగారూ అనండి. పిల్ల బతుకండీ ఇది."

సుందరరాజు మాట ఇచ్చాడు. ఆయన గ్రామరు మనిషి. నియమమంటే నియమమే.

పాసింజరు టైముకే వచ్చింది. కృపానందం, ఆయన భార్య ప్రేమమ్మ, పెళ్లికొడుకు వరప్రసాదం రిక్షాలు దిగారు. కృపానందం మంచి ఉత్సాహంలో ఉన్నాడు. దారి పొడుగునా మేష్టారి కోసం ఒక ఎర తయారు చేసుకుని వచ్చాడు. అరుగెక్కుతూనే ఇంగ్లీషులో, పాసింజర్స్ వాజ్ వెరీ హ్యాపీ అన్నాడు. ఫస్టు ఫారం పిల్లవాడు ఆ మాటంటే సుందరరాజు బెంచీ ఎక్కించేవాడు. కృపానందం నవ్వు ఆపుకుంటూ ఎదురుచూశాడు.

సుందరరాజు దిద్దబోయాడు. తలుపు పక్క సౌభాగ్యమ్మ కళ్లు కనిపించాయి.

"రైటే బావగారూ," అన్నాడు.

కృపానందం నవ్వు సగంలో ఆగిపోయింది. వినపడలేదేమో అనుకుని అదే మాట ఇంకా గట్టిగా అన్నాడు. మేష్టారు ఇంకా వినయంగా తల ఊపాడు. కుర్చీలో కూర్చున్నాక కృపానందం కాస్త జంకుతూ కార్డు సంగతి ఎత్తాడు. ఆ గీతల గొడవెందుకు, ఎక్కడ తోస్తే అక్కడ పెట్టేద్దాం, మసూలిపటాన్ని మధ్యకి విరిచేద్దాం అన్నాడు.

"అలాగే బావగారూ. మీరన్నదే రైటు."

కృపానందం కాఫీ గ్లాసు కింద పెట్టి, పెరట్లోకి వెళ్లి, కాళ్లు కడుక్కుంటున్న భార్యని పక్కకి పిలిచాడు. ఈ ఇంట్లో ఏదో జరిగింది, మేష్టారు నేనన్నదల్లా ఒప్పుకుంటున్నాడు అన్నాడు. ప్రేమమ్మ చేతిలో చెంబు జారిపోయింది. మనిషి అలా ఒక్కసారిగా మెత్తబడిపోయాడంటే డాక్టర్లు ఏదో చెప్పే ఉంటారని ఆవిడకి తోచింది.

ఆవిడ వంటింట్లోకి వచ్చి సౌభాగ్యమ్మ చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"వదినగారూ, మా దగ్గర దాచకండి. అన్నయ్యగారికి ఒంట్లో ఎలా ఉంటోంది?"

తనకి కనపడనిది వీళ్లకేం కనపడిందనుకుంటూ సౌభాగ్యమ్మ గరిటె పట్టుకునే అరుగు మీదికి పరిగెత్తింది. సుందరరాజు పళ్లెంలో ఇడ్లీలు అలాగే ఉన్నాయి. చెప్పాల్సిన మాటలన్నీ గొంతు దాకా వచ్చి ఆగిపోతుంటే ఇడ్లీ ఎలా దిగుతుంది? మనిషి ముఖం కందగడ్డలా ఉంది. ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరంగా ఉందా అని అడిగింది. ఎవరేమన్నా కాదనకూడదని పొద్దున్న ఆమె పెట్టిన నియమమే. సుందరరాజు ఆమెకేసి ఒక్క క్షణం చూసి, కాస్త కసిగానే, నువ్వన్నదే రైటు అన్నాడు. గుండెల్లో నొప్పా అంది. అదీ రైటే అన్నాడు.

ఇదంతా గోడవతల పున్నమ్మ వింది. ఆవిడ అందరికన్నా ముందే గుడికి బయల్దేరే మనిషి. ఆ పూట ఇంకా ముందు బయల్దేరింది.

సౌభాగ్యమ్మ డాక్టరుగారి కోసం కబురు పంపితే ఆయనా గుడికే వెళ్లాడన్నారు. అయితే గుళ్లోనే చూపించవచ్చని అందరూ కదిలారు. దారిలో కృపానందం మేష్టారి మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. రెండో పక్క వరప్రసాదం పట్టుకున్నాడు. వద్దనడానికి లేదు కాబట్టి సుందరరాజు వాళ్ల మధ్య వేలాడుతూ నడిచాడు. ఎదురైనవాళ్లు టోపీలు తీశారు. దయామణి తండ్రి వెనకాలే కొంగు నోట్లో కుక్కుకుని నడిచింది.

గుళ్లో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. ప్రార్థన మొదలెడుతూ పాస్టరు జకరయ్యగారు గొంతు తగ్గించి, మన సహోదరుడు సుందరరాజు ఆఖరి రోజులు నొప్పి లేకుండా గడవాలనీ, ఆ కుటుంబాన్ని ప్రభువు ఆదరించాలనీ వేడుకున్నారు. గుడంతా నిర్ఘాంతపోయింది. మేష్టారి దగ్గర చదువుకున్న గుమస్తాలు, ప్లీడర్లు జేబురుమాళ్లు తీశారు. సౌభాగ్యమ్మకి చెవులు గింగురుమన్నాయి. తనకి తెలియని సంగతి పాస్టరుగారికి కూడా తెలుసన్నమాట. తన చావు సంగతి మొదటిసారి విన్న సుందరరాజు లేవబోయాడు. ప్రార్థనని కాదనడం కూడా కాదనడమే అని గుర్తొచ్చి, ఆమెన్ అన్నాడు.

తర్వాత పాట. సుందరరాజుకి నోరు తెరవడానికి పొద్దుటినించీ దొరికిన మొదటి అవకాశం అది. లోపల బిగబట్టిందంతా కలిపి పాడాడు. కిటికీ రెక్కలు కదిలాయి. పక్కన నిలబడ్డ కృపానందం అదిరిపడ్డాడు. చావబోయే మనిషి గొంతు కాదిది. అయితే జబ్బు లేదు. జబ్బు లేకుండానే నేను చెప్పిన ప్రతి తప్పూ ఒప్పుకున్నాడంటే అర్థం ఒక్కటే, మనసు విరిగింది. ముక్కూ ముఖం తెలియనివాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. ఈ సంబంధం ఇష్టం లేక, ఆ మాట చెప్పలేక, మర్యాద చేస్తున్నాడు.

జకరయ్యగారు ప్రకటన చదివారు. సుందరరాజు కుమార్తె దయామణికీ, గుడివాడ కాపురస్తులు కృపానందంగారి కుమారుడు వరప్రసాదానికీ. ఇది మూడవసారి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి. సౌభాగ్యమ్మ కళ్లు మూసుకుంది.

మగవాళ్ల పక్క బట్టల చప్పుడైంది. ఆమె కళ్లు తెరిచింది. లేచి నిలబడినవాడు పెళ్లికొడుకు తండ్రి.

"నాకు అభ్యంతరం ఉందండి," అన్నాడు కృపానందం. "పెళ్లికూతురి తండ్రికి ఇది మనస్ఫూర్తిగా ఇష్టం లేదని నా అనుమానం. అలాంటప్పుడు ఆపేయడమే మంచిది."

అని, మేష్టారికేసి ఆశగా చూశాడు. కాదంటాడని. ఒక్కసారి, ఎలాగైనా, కాదంటాడని.

వరప్రసాదం చేతిలో పాటల పుస్తకం కింద పడింది. జకరయ్యగారు కళ్లజోడు సవరించుకుని, సుందరరాజుగారూ మీరేమంటారు అని అడిగారు. సుందరరాజు లేచాడు. బుర్రలో ఏమీ లేదు. పొద్దుటినించీ నాలుక ఒకే పాఠం వల్లిస్తోంది. బుర్ర తేరుకునేలోపు నాలుక ఆ పాఠం అప్పజెప్పేసింది.

"బావగారన్నదే రైటు."

దయామణి తల్లి భుజం మీదికి ఒరిగిపోయింది. మంచుగడ్డలా చల్లబడ్డ చెయ్యి తల్లి చేతిని పట్టుకుంది. జకరయ్యగారు పుస్తకం మూసి, తండ్రులిద్దరూ ఏకాభిప్రాయంతో ఉన్నారు కాబట్టి కమిటీ కూడా అక్కర్లేదేమోనంటూ పెద్దలకేసి చూశారు.

ఆ గుళ్లో ఆడమనిషి గొంతు పాటలో తప్ప వినిపించిన జ్ఞాపకం ఎవరికీ లేదు. సౌభాగ్యమ్మ లేచి నిలబడింది. జన్మంతా ఆమె భయపడని కీడు లేదు, కానీ ఇంత కీడు ఆమెకి కూడా ఊహకి రాలేదు. ఇక భయపడడానికి మిగిలిందేమీ లేకపోయేసరికి ఆమెకి ధైర్యం వచ్చింది.

"అయ్యగారూ, ఆయన మాట కాదది. ఎవరినీ కాదనొద్దని పొద్దున్న నేనే బైబిలు మీద చెయ్యి వేయించాను. జబ్బూ లేదు, ఏమీ లేదు." భర్త వైపు తిరిగింది. "ఏమండీ, ఆ మాట నించి మిమ్మల్ని వదిలేశాను. అన్నయ్యగారిని కాదనండి."

"ఇక్కడా?" అన్నాడు సుందరరాజు.

"ఇక్కడే. ఇప్పుడే."

సుందరరాజు ఒక్క నిట్టూర్పు విడిచి కృపానందం వైపు తిరిగాడు. మనసు విరగడమేమిటి, పిల్లని మీ ఇంటికి కాక ఎవరింటికిస్తాను అన్నాడు. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. పాసింజర్స్ వాజ్ ఏమిటయ్యా, నువ్వు తాలూకా ఆఫీసులో రాసే డ్రాఫ్టులు ఎవరు దిద్దుతున్నారు అన్నాడు. అక్కణ్ణించి మసూలిపటానికి వెళ్లాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట కృపానందం అడ్డుపడ్డాడు. నేను కావాలని అన్న తప్పుని తప్పనడం గొప్ప కాదు, మీ గీత సంగతి చూసుకోండి అన్నాడు. అతని బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం చెవుల దాకా సాగింది. ప్లీడర్లలో కొందరు మసూలి పక్షం, కొందరు మసూలిప పక్షం చేరారు. డాక్టరుగారు ఇంతలో తన చోటు నించి లేచి వచ్చి మేష్టారి నాడి చూసి, ఇంత ఆరోగ్యం ఈ వయసులో మంచిది కాదన్నాడు.

"అయ్యగారూ," అన్నాడు కృపానందం కళ్లు తుడుచుకుంటూ, "నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. మా బావగారు బాగానే ఉన్నారు."

వెనక్కి తీసుకున్నట్టు జకరయ్యగారు రాసుకుని, ప్రకటన మళ్లీ మొదటినించీ చదివారు. ఈసారి ఎవరూ లేవలేదు. వరప్రసాదం తన తండ్రి కండువా అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

తర్వాతి నెలలో దయామణి పెళ్లి ఆ గుళ్లోనే సలక్షణంగా జరిగింది. జకరయ్యగారు మాత్రం ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ, అభ్యంతరాలు అడిగే ముందు, ఇంగ్లీషుకి సంబంధించినవి తప్ప అని ఒక మాట చేర్చి మరీ అడిగేవారు.