ఓడిపోయేవాడి మీద పందెం

నిరుడు జూన్ ఇరవై మూడున డెస్మండ్ హార్ట్‌నల్ పొద్దున పొగబెట్టిన హెర్రింగ్ చేప తిన్నాడు. మాడ్చి, మాడని మేరకు గీరుకుని తిన్నాడు అనడం న్యాయం. ఈస్ట్‌బోర్న్‌లో గడ్డి కోర్టుల టెన్నిస్ పోటీలు మొదలయ్యే రోజున ఆ చేప వండడం భార్య ఏవ్రిల్ పెట్టిన ఆనవాయితీ. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆనవాయితీ మిగిలింది, వంట మిగల్లేదు.

ఆవేళ అతను అనుకున్న పని చిన్నది. పందేల దుకాణానికి వెళ్ళి ష్కోపెక్ అనే చెక్ దేశపు ఆటగాడి మీద రెండు పౌన్లు కాయాలి. తర్వాత అతను ఓడిపోవడం టీవీలో చూడాలి. ష్కోపెక్ అంటే ఏవ్రిల్‌కి ఇష్టం. రెండు సర్వీసులూ తప్పి డబుల్ ఫాల్ట్ చేసినప్పుడల్లా నెట్‌కి క్షమాపణ చెబుతున్నట్టు తల వంచేవాడు. "పాపం, చొక్కాకి గుండీ కుట్టిపెట్టే దిక్కు లేనట్టున్నాడు" అంటూ ఏటా అతని మీదే కాసేది. లెక్కల మాస్టారుగా రిటైరైన డెస్మండ్ ఏటా గణాంకాలు చూపించి వద్దనేవాడు. ఏటా ఆవిడ ఓడేది, సంతోషంగా. ఇప్పుడు ఆవిడ తరఫున అతను ఓడుతున్నాడు, ఆ సంతోషం లేకుండా.

దుకాణంలో చీటీ నింపుతుంటే వెనకనుంచి రెజ్ క్యాచ్‌పోల్ మెడ సాచాడు. రెజ్ రిటైరైన పోస్ట్‌మన్. ఇతరుల చేతిరాత చదివే అలవాటు మాత్రం రిటైర్ కాలేదు.

"ష్కోపెక్కా మాస్టారూ? ఒకటికి ఎనిమిది ఇస్తున్నారే!"

"దీని కారణం వేరే రెజ్. చెబితే నవ్వుతావు."

"చెప్పకండి, చెప్పకండి. కౌంటర్లో పిల్ల వింటుంది!"

డెస్మండ్ మాట ఆ పేటలో పెద్దవాళ్ళకి వేదవాక్కు. అంతకుముందు ఏడాది అడిగిన ప్రతి మ్యాచ్‌కీ అతను అంకెలు చూసి చెప్పిన ఆటగాడే గెలిచాడు. చీటీ సంగతి రెజ్ అప్పటికే అందరికీ మోసేశాడు. అందుకే మధ్యాహ్నం చర్చి హాల్లో వృద్ధుల భోజనానికి వెళ్ళేసరికి అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

"రండి మాస్టారూ!" అంది వడ్డిస్తున్న గ్లెనిస్ టబ్. ఆ భోజనాల సంఘం నడిపేది ఆవిడే. "ఏమీ ఎరగనట్టు ఆ మొహం చూడండర్రా!"

"గ్లెనిస్, ష్కోపెక్ ఓడిపోతాడు."

అందరూ ఒకరికొకరు కన్ను గీటుకున్నారు. తర్వాత చప్పట్లు రెట్టింపయ్యాయి.

"చూశారా!" అన్నాడు రెజ్. "మనమంతా ఎగబడితే దుకాణంవాళ్ళు రేటు తగ్గించేస్తారని గుట్టు దాస్తున్నారు."

"గుట్టేమిటయ్యా! గడ్డి మీద అతని రెండో సర్వీసుకి నూటికి ముప్పై ఎనిమిది పాయింట్లే దక్కుతున్నాయి."

"ముప్పై ఎనిమిదిట!" ఆ అంకె బల్లల వెంట శుభవార్తలా పాకింది.

"ఎదటి ఆటగాడు లాసాల్‌కి యాభై నాలుగు," అన్నాడు డెస్మండ్ నీరసంగా.

"అబ్బో, అంత కష్టపడితే అలిసిపోడూ?" అంది ఓ ముసలావిడ.

చనిపోయిన భార్య కోసం కాస్తున్నానని ఒక్క మాట చెబితే సరిపోయేది. చేతిలో కస్టర్డ్ గిన్నెతో, అంతమంది ముందు, ఆ మాట గొంతు దాటి రాలేదు. కస్టర్డ్ మాత్రం లోపలికి వెళ్ళింది.

గిన్నె ఖాళీ అయ్యాక చూస్తే గ్లెనిస్ లేదు. అలమరలో టీ డబ్బా కూడా లేదు. జూలైలో అందరూ హాంప్టన్ కోర్ట్ పూల ప్రదర్శనకి వెళ్ళడానికి దాచిన డబ్బు అందులోనే ఉండేది. బస్సు అద్దె పెరిగి అది చాలడంలేదని గ్లెనిస్ నెలరోజులుగా బెంగపడుతోంది. తొంభై దాటిన మేబెల్ అప్పుడే టోపీకి కొత్త రిబ్బను కుట్టుకుంది.

గ్లెనిస్ రొప్పుతూ తిరిగొచ్చింది. "మొత్తం కాసేశాను మాస్టారూ! బస్సొక్కటే కాదు, మనిషికో బుట్ట స్ట్రాబెర్రీలు కూడా!"

డెస్మండ్ పరుగులాంటి నడకతో దుకాణానికి వెళ్ళాడు.

"కాసింది కాసినట్టే బంగారం," అంది కౌంటర్లో పిల్ల జాలిగా. "ఆట మొదలైపోయింది. రూల్సు అదుగో, గోడ మీద." అతను ఆశగా ఆసాంతం చదివాడు. మంచివాళ్ళ మూర్ఖత్వానికి ఏ మినహాయింపూ లేదు.

తిరిగొచ్చేసరికి హాల్లో టీవీ ముందు కుర్చీలు చేరాయి. ష్కోపెక్ మొదటి సెట్ గెలిచేశాడు! లాసాల్ పిక్కకి కట్టు కడుతున్నారు. రెండో సెట్‌లో అయిదు-ఒకటి అయ్యేసరికి మేబెల్ టోపీ పెట్టేసుకుంది. ష్కోపెక్ ఒక డబుల్ ఫాల్ట్ చేసి నెట్‌కి తల వంచాడు. ఇన్నేళ్ళూ తన అంకెలకి అందనిదేదో ఏవ్రిల్ చూసిందేమోనని డెస్మండ్‌కి కళ్ళు చెమర్చాయి.

అప్పుడు లాసాల్ కుంటుకుంటూ నెట్ దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. ఇక ఆడలేడట. హాలు దద్దరిల్లింది.

"గ్లెనిస్," అన్నాడు డెస్మండ్. "ఆట పూర్తి కాలేదు."

"గెలిచాడుగా!"

"గెలిచాడు. కానీ మధ్యలో మానేస్తే ఆ దుకాణంలో పందెం రద్దు. గోడ మీద ఉంది. మన డబ్బు మనకిచ్చేస్తారు, అంతే."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. ఆ దిగులు మొహాల మధ్య ఊపిరి పీల్చుకున్నవాడు డెస్మండ్ ఒక్కడే. ఆ సంగతి బయటపడకుండా కిందికి చూశాడు.

"లాసాల్ మధ్యలో మానేసే రకమని మీ లెక్కల్లో లేదా?" అని రెజ్ నిలదీశాడు.

"ఉంది. ఈ ఏడాది ఇది నాలుగోసారి."

"మరి చెప్పలేదేం?"

"చెప్పినవాటిలో నువ్వు నమ్మింది ఏదీ?"

చివరికి హాంప్టన్ కోర్ట్ బదులు పక్క ఊరి తోటకి, వృద్ధుల పాసు చెల్లే మామూలు బస్సులో వెళ్దామన్నారు. "టోపీ పెట్టుకునే చోటైతే నాకు చాలు," అంది మేబెల్. దాంతో సగం దిగులు తీరింది.

సాయంత్రం డెస్మండ్ రెండు పౌన్ల నాణేన్ని ఏవ్రిల్ టీ కప్పులో వేశాడు. ష్కోపెక్ మీద కాసిన డబ్బు ఇల్లు చేరడం అదే మొదలు. చీకటిపడే వేళకి గ్లెనిస్ మధ్యాహ్నం మిగిలిన ఆపిల్ పై గిన్నెలో తీసుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎల్లుండి ష్కోపెక్ మళ్ళీ ఆడుతున్నాడుట. ఊరికే అడుగుతున్నా."

ఈసారి చెప్పేశాడు. "అది నా లెక్క కాదు గ్లెనిస్. ఏవ్రిల్ పందెం. ఆవిడ కోసం కాస్తున్నానంతే."

గ్లెనిస్ అతని చొక్కా చేతిని మెల్లగా తట్టింది. తర్వాత ఆవిడ కళ్ళు మెరిశాయి.

"ముందే చెప్పొద్దూ! ఏవ్రిల్ ఎంచిందంటే గెలుస్తాడు. ఈసారి నా సొంత డబ్బే లెండి."

"ఆవిడ ఏటా ఓడింది గ్లెనిస్!"

"మళ్ళీ గుట్టు!" అని గిన్నె అతని చేతిలో పెట్టి నవ్వుతూ గేటు దాటింది.

చెప్పడానికి ఇంకో నిజమేదీ మిగలక, డెస్మండ్ ఆపిల్ పై గిన్నె చంకన పెట్టుకుని చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.